అన్నీ వజ్రాలవుతాయా?

పాఠం చెప్పేవాళ్లకు ఒక జబ్బు వుంటుంది. ఏ సంగతి ఎత్తుకున్నా చివరకు ఒక నీతివాక్యం తగిలించకపోతే వాళ్లకు తోచదు. అందులోనూ తెలుగు మాస్టారికి ఆ జబ్బు కాస్త ముదురు. ఇరవై యేళ్లుగా నేను ఒక నీతివాక్యాన్ని తరగతి తరగతికీ ప్రసాదంలా పంచిపెడుతూ వచ్చాను. కష్టాల ప్రస్తావన వున్న పద్యం వచ్చిందంటే చాలు, పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, "చూడండర్రా! బొగ్గూ వజ్రమూ ఒకటే పదార్థం. ఒత్తిడికి తట్టుకున్నది వజ్రమైంది, తట్టుకోలేనిది బొగ్గుగా మిగిలింది" అనేవాణ్ని. పిల్లలు రాసుకునేవారు. నాకు తృప్తిగా వుండేది.

ఈ యేడు అరకులో, బి.యస్సీ. పిల్లల తెలుగు తరగతిలో, ఆ ప్రసాదం పంచుతూ వుండగా మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. కొండ అవతలి వూరినించి రోజూ జీపెక్కి వచ్చే పిల్ల. నోరు విప్పి మాట్లాడగా నేను చూడలేదు.

"మాస్టారూ, ఒత్తిడికి అన్నీ వజ్రాలవుతాయా?" అంది.

"అన్నీ అంటే..." అని నసిగాను.

"మా అన్నయ్యకీ మీరిదే చెప్పారు" అని కూర్చుంది.

ఆ అన్నయ్య నాకు బాగా జ్ఞాపకం. లెక్కల్లో చురుకైనవాడు. మూడేళ్ల కిందట పెద్ద చదువుకని పల్లానికి దిగి వెళ్తూ నా దగ్గర సెలవు తీసుకున్నాడు. వాడికీ బొగ్గూ వజ్రమూ చెప్పి పంపాను. తెల్లవారు జామునించి అర్ధరాత్రి దాకా చదువు, వారం వారం పరీక్ష, గోడమీద మార్కుల పట్టిక. ఏడాది తిరక్కుండా తిరిగొచ్చేశాడు. ఇప్పుడు తండ్రితో కాఫీ తోటలో పని చేస్తున్నాడు. పుస్తకం ముట్టుకోడట. నా సామెత ప్రకారం వాడు బొగ్గు. ఆ తీర్పు నేనిచ్చిందే.

గంట కొట్టారు. నేను సరాసరి ఫిజిక్సు లెక్చరరుగారి గదికి వెళ్లాను. సంగతంతా విని ఆయన నవ్వలేదు. "ఆదివారం ఖాళీయేనా మాస్టారూ? అనంతగిరి ఘాట్ రోడ్డు దాకా పోయొద్దాం. ఆ పిల్లకు జవాబు అక్కడ కొండ గట్టునే వుంది" అన్నాడు.

ఆదివారం ఒక మలుపు దగ్గర బండి ఆపించి, రోడ్డు కోసం తొలిచిన గట్టులోంచి రాలిన రాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. తుప్పు రంగు రాయి. మధ్య మధ్య దానిమ్మ గింజల్లా ఎర్రని గార్నెట్టు. వాటి చుట్టూ సన్నని తెల్లని సూదుల్లాంటివి. అక్కడక్కడ నల్లని మెరుపు రేకులు. ఇరవై యేళ్లుగా ఈ రాళ్లమీదే నడుస్తూ ఒక్కసారీ వంగి చూడలేదు.

"దీని పేరు ఖోండలైటు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ తూర్పు కనుమల్లో వుండే ఖోండుల పేరుమీద ఆ పేరు పెట్టాడు. కోణార్క దేవాలయం రాళ్లు కూడా ఈ జాతివే. ఇది పుట్టినప్పుడు రాయి కాదు, సముద్రం అడుగున బురద. సుమారు వంద కోట్ల యేళ్ల కిందట ఆ బురద పాతిక కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగిపోయింది. ఈ అనంతగిరి దగ్గరా, పాడేరు దగ్గరా దొరికిన కొన్ని అరుదైన రాళ్లను బట్టి అక్కడ వేడి 900 డిగ్రీలు దాటిందనీ, ఒత్తిడి దాదాపు 8 వేల వాతావరణాలనీ తేల్చారు" అన్నాడు.

వాతావరణం అంటే మన నెత్తిమీద వున్న గాలి బరువు మనమీద వేసే ఒత్తిడి. దానికి 8 వేల రెట్లు.

"ఈ తెల్లని సూదుల్ని చూడండి. సిల్లిమనైటు. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసినది. సరిగ్గా అవే పాళ్లలో కలిసిన ఖనిజాలు మరి రెండున్నాయి. ఒకటి ఆండలుసైటు, రెండోది కయనైటు. సరుకు ఒకటే, పేర్చిన తీరు వేరు. ఒత్తిడి తక్కువైన చోట ఆండలుసైటు, ఒత్తిడి బాగా ఎక్కువైతే కయనైటు, వేడి ఎక్కువైతే సిల్లిమనైటు. అంచేత ఈ రాయి ఏ కష్టం పడిందో ఈ సూదులే చెబుతాయి" అన్నాడు.

"మరి ఈ నల్లవి?" అన్నాను.

"వేలుతో రాయండి."

రాశాను. వేలికి నల్లగా అంటుకుంది.

"గ్రాఫైటు. మీ బొగ్గు మాస్టారూ, అచ్చమైన కార్బన్! 8 వేల వాతావరణాల కింద, 900 డిగ్రీల వేడిలో వుండి వచ్చింది. వజ్రం అయిందా?"

నేను రాయివైపు చూస్తూ వుండిపోయాను.

"కాలేదు. కాదు కూడా. ఆ వేడిలో గ్రాఫైటు వజ్రం కావాలంటే 45 వేల వాతావరణాల దాకా కావాలి. అంత ఒత్తిడి నేలకు 150 కిలోమీటర్ల దిగువన వుంటుంది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో తీసిన వజ్రాలు అక్కడినించి పైకి వచ్చినవే. ఈ గ్రాఫైటు తట్టుకోలేక వజ్రం కాకపోలేదు. అది వున్న చోట, ఆ వేడికీ ఆ ఒత్తిడికీ, గ్రాఫైటుగా వుండడమే దానికి సరైన స్థితి."

ఇంతటితో నా సామెత సగం చచ్చింది. మిగతా సగాన్ని ఆయన తిరుగు ప్రయాణంలో చంపాడు.

అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తనీ నది బొర్రా గుహల్లోంచి దూరి, పల్లానికి దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంద కోట్ల యేళ్ల ఈ రాళ్లు వానకూ ఎండకూ చివికి, రేణువులై, ఇల్లాంటి నదుల వెంబడి పోయి ఒడ్డున ఇసుకగా పరుచుకున్నాయి. భీమిలి ఒడ్డున నల్లగా, ఎర్రగా చారలు తీరి కనిపించే ఇసుకలో గార్నెట్టూ, సిల్లిమనైటూ వుంటాయి. వాటి నడుమ పసుపుపచ్చని మోనజైటు రేణువులూ వుంటాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్ర శాఖకు పునాది వేసిన సి. మహదేవన్‌గారి కాలంలోనే, 1940ల చివర, విశాఖ ఇసుకలో మోనజైటును గురించి పరిశోధన జరిగింది.

ఆ మోనజైటులో వుండే లోహాల్లో సీరియం ఒకటి, థోరియం ఒకటి. మూలకాల పట్టికలో థోరియం సరిగ్గా సీరియం కింది అరలో కూర్చుంటుంది. థోరియం, యురేనియం, ప్లుటోనియం, అమెరీషియం, క్యూరియం, ఇవన్నీ యాక్టినైడులనే ఒక కుటుంబం. ఇవి విడిగా ఒక వరసలో కూర్చోవాలని సీబోర్గ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1944లో గుర్తించాడు.

"ఒత్తిడికి ఎవరు ఏమవుతారో తెలియాలంటే ఈ కుటుంబాన్ని చూడాలి మాస్టారూ. తతిమ్మా లోహాలన్నీ ఒక యెత్తు, ఇవి ఒక యెత్తు" అన్నాడు.

లోహమంటే మనకు ముద్దగా కనిపిస్తుంది గాని, లోపల పరమాణువులు లెక్క ప్రకారం పేర్చి వుంటాయి. సంతలో నారింజ పళ్లు గుట్టగా పేరుస్తారు చూడండి. కింద వరస పళ్ల సందుల్లో పై వరస పండు కూర్చుంటుంది. చోటు అంతగా వృథా పోదు. గుట్ట లోపలి ప్రతి పండుకూ పన్నెండు పళ్లు తగులుతూ వుంటాయి. మామూలుగా థోరియం పరమాణువుల కొలువు ఇల్లాంటిదే. నాలుగు పక్కలా తీరుగా, ముచ్చటగా వుంటుంది.

దాన్ని నొక్కాలి. దేనితో నొక్కాలి? ఇక్కడే నా వజ్రం మళ్లీ వచ్చింది. 1958లో అమెరికాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పనిచేసే కొందరు ఒక చిన్న సాధనం కనిపెట్టారు. రెండు వజ్రాలను మొనకు మొన ఎదురుగా నిలిపి, మొనలు రెండూ నున్నగా చదును చేసి, నడుమ నలుసంత లోహాన్ని వుంచి, మరలు బిగిస్తారు. చదును చేసిన ఆ మొన ఆవగింజకన్నా చిన్నది. అంత చిన్న చోటులో పడిన బలం లక్షల వాతావరణాలవుతుంది. చేత్తో నొక్కితే దిగని మేకు మొన వుండబట్టి సుత్తిదెబ్బకు దిగడం లేదూ, అల్లాగే. పైగా వజ్రం పారదర్శకం. దానిగుండా ఎక్సురే కిరణాలను పంపి, అవి చెదిరే తీరును బట్టి లోపల పరమాణువుల కొలువు మారిందా లేదా అని చూడవచ్చు. బల్లమీద పట్టే ఆ పనిముట్టులో భూమి నడిబొడ్డున వుండే 36 లక్షల వాతావరణాల ఒత్తిడిని కూడా తెప్పించగలిగారు.

థోరియాన్ని అల్లా నొక్కుకుంటూ పోయారు. లక్ష వాతావరణాలు. కదలలేదు. మూడు లక్షలు. చిక్కిందిగాని కొలువు మారలేదు. ఆరు లక్షలు దాటాక మారింది. మారి ఇంకా ముచ్చటైన రూపానికి వచ్చిందా? లేదు. నారింజ గుట్టను ఒకపక్కకు సాగదీసినట్టుగా, మూడు దిక్కులా సమానంగా వుండేది కాస్తా ఒక దిక్కున పొడుగు సాగింది. తీరు తగ్గింది. ఇల్లా ఎందుకైందో 1990ల మొదట్లో మన ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వారు కూడా లెక్కకట్టి చూపారు.

ఆ కారణం నాబోటివాడికి అర్థం కావడానికి ఆయన ఒక వూరి కథ చెప్పాడు.

"ఒక వూళ్లో ప్రతి ఇంట్లోనూ రెండు రకాల మనుషులున్నారనుకోండి. ఒకరకం వూరంతా తిరుగుతారు. ఇంటికీ ఇంటికీ పొత్తు కుదిర్చేది వాళ్లే. ఇంకోరకం లోపలి గదిలోంచి కదలరు. వూరు ఒద్దికగా వుందా లేదా అన్నది తిరిగేవాళ్ల మీద ఆధారపడి వుంటుంది. పరమాణువుల్లో ఆ మనుషులు ఎలక్ట్రాన్లు. యాక్టినైడుల్లో 5ఎఫ్ ఎలక్ట్రాన్లని ఒక తెగ వుంది. అవే ఈ లోపలి గది మనుషులు. ఇప్పుడు వూరిని నాలుగు పక్కలనించీ నొక్కామనుకోండి. ఇళ్లు దగ్గర పడతాయి. గోడలు రాసుకుంటాయి. లోపలి గదిలో మాట పక్కింటికి వినిపిస్తుంది. ఇక వాళ్లు లోపల వుండలేరు. వాళ్లూ పొత్తుల్లోకి దిగుతారు. దిగాక పాత కొలువు చాలదు. వాళ్ల బంధుత్వాలకు తగ్గట్టు వూరి వీధులే మారాలి."

థోరియంలో మామూలుగా ఆ లోపలి గది ఖాళీ. ఒత్తిడి పెరిగేకొద్దీ తిరిగే ఎలక్ట్రాన్లు కొన్ని ఆ గదిలోకి చేరి, 5ఎఫ్ పద్ధతిలో పొత్తు కుదుర్చుతాయి. అంచేత కొలువు సాగిపోతుంది. యురేనియంలో ఆ మనుషులు మొదటినించీ పొత్తుల్లోనే వున్నారు. అందుకే దాని కొలువు మొదటినించీ ముడతలు పెట్టిన కాగితంలా వంకరగానే వుంటుంది. పది లక్షల వాతావరణాల దాకా నొక్కినా ఆ రూపం మార్చుకోదు. అమెరీషియంలో వాళ్లు గట్టిగా లోపలే కూర్చున్నారు. అంచేత అది చూడ్డానికి ఒద్దికైన లోహం. దాన్ని నొక్కితే 60 వేల వాతావరణాల దగ్గర ఒకసారి, లక్ష దగ్గర మరోసారి, లక్షా 60 వేల దగ్గర ఇంకోసారి కొలువు మార్చుకుంటుంది. లక్ష దగ్గర తీసుకునే రూపం పక్కింటి ప్లుటోనియం వేడెక్కినప్పుడు తీసుకునే రూపమే! 2005లో క్యూరియాన్ని పది లక్షల వాతావరణాల దాకా నొక్కి చూస్తే అయిదు రూపాలు కనిపించాయి. వాటిలో ఒక రూపాన్ని నిలబెట్టింది దాని అయస్కాంత గుణమని తేలింది.

ఇక ప్లుటోనియం సంగతి చెప్పనక్కర్లేదు. లోపలా కాదు, బయటా కాదు, గడప మీద నిలుచున్న మనిషి. దాన్ని ఎవరూ నొక్కనక్కర్లేదు. 640 డిగ్రీల దగ్గర కరిగేలోపల ఆరు రూపాలు మారుస్తుంది. వాటిలో ఒకటి చల్లని రూపం కన్నా దాదాపు నూటికి పాతిక వంతులు లావు. అణు ఇంధనం తయారుచేసేవారు ఏ లోహం ఏ వేడికి, ఏ ఒత్తిడికి ఏ రూపం తీసుకుంటుందో ముందే తెలుసుకోకపోతే, అది ఉబ్బి పగిలే ప్రమాదం వుంటుంది. అంచేత ఇది ఉత్త వేడుక కోసం చేసే పరిశోధన కాదు.

"చూశారా మాస్టారూ! ఒకే కుటుంబం. ఒకరు ఆరు లక్షల దాకా కదలరు. ఒకరు పది లక్షలకూ మారరు. ఒకరు 60 వేలకే మారిపోతారు. ఒకరు ఎవరూ ముట్టకుండానే ఆరు వేషాలు వేస్తారు. వీళ్లలో బలవంతుడెవరు, బలహీనుడెవరు? ఆ ప్రశ్నే తప్పు. ఒత్తిడి ఎవరినీ గొప్పవాళ్లను చెయ్యదు. లోపల వున్నదాన్ని బయటికి లాగుతుంది, అంతే" అన్నాడు.

మర్నాడు తరగతికి రాయి పట్టుకుపోయాను. పద్యం పక్కనపెట్టి, ఇరవై యేళ్లుగా నేను చెబుతున్నది తప్పని ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తేలిక కాలేదు. పుస్తకం తప్పయితే అచ్చుతప్పని చెప్పి తప్పుకోవచ్చు. మాస్టారి తప్పుకు ఆ వెసులుబాటు లేదు. రాయి బెంచీ బెంచీకీ తిరిగింది. పిల్లలు వేళ్లకు నల్లగా పూసుకుని చూసుకున్నారు. "మీ కొండలో వున్న కార్బన్ ఇది. వజ్రం కాలేదు. కానందుకు దాని లోపం ఏమీ లేదు" అన్నాను. ఆ అమ్మాయి రాయిని చాలాసేపు పట్టుకుని, "ఇది ఇంటికి తీసుకుపోవచ్చా మాస్టారూ?" అంది. తీసుకుపొమ్మన్నాను.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ, "పోనీలెండి, గ్రాఫైటు పెన్సిల్లోనన్నా పనికొస్తుంది. వజ్రంతో ఒక్క అక్షరం రాయగలరా?" అంది. బాగుందే అని రాసుకోబోయి, మళ్లీ సామెతలోకి దిగుతున్నానేమోనని కలం మూసేశాను.

నాలుగు రోజుల తరవాత ఆ పిల్ల తరగతి అయ్యాక వచ్చి నిలబడింది.

"అన్నయ్య ఒక ప్రశ్న అడిగి రమ్మన్నాడు మాస్టారూ."

"రాయి చూశాడా?"

"చూశాడు. నేను రాసుకున్న నోట్సు కూడా చదివాడు. ఒత్తిడి తీసేస్తే ఆ లోహం మళ్లీ మామూలుగా అవుతుందా అని అడగమన్నాడు."

ఇద్దరం కలిసి ఫిజిక్సు గదికి వెళ్లాం. ఆయన ప్రశ్న రెండుసార్లు చెప్పించుకున్నాడు. బల్లమీద కాగితం తీసుకుని గీతలు గీస్తూ చెప్పాడు.

"అన్నీ ఒకటి కాదమ్మా. వజ్రం పైకి వచ్చాక మళ్లీ గ్రాఫైటు కావాలి, న్యాయానికి. కాని మామూలు వేడిలో దాని పరమాణువులు కదలలేవు. అల్లాగే వుండిపోతుంది. మన సిల్లిమనైటూ అంతే. కాని సీరియం వుంది చూడు, మోనజైటులో థోరియం పక్కన వుండేది. గది వేడిలో దాన్ని నొక్కితే, దాదాపు 8 వేల వాతావరణాల దగ్గర ఒక్కసారిగా కుదించుకుపోతుంది. ఆరో వంతు పరిమాణం పోతుంది. ఆ కుదింపును గురించి 1927లోనే బ్రిడ్జ్‌మన్ రాశాడు. చిత్రమేమిటంటే పరమాణువుల కొలువు మాత్రం మారదు. అదే నారింజ గుట్ట, పళ్లు చిన్నవైపోయినట్టు. ఒత్తిడి తీసేస్తే అది మళ్లీ తన మునుపటి పరిమాణానికి వస్తుంది."

పిల్ల ముఖం వికసించింది.

"అయితే ఒక్క మాట. కుదించుకుపోయిన ఒత్తిడి దగ్గరే అది తిరిగి రాదు. 8 వేల దగ్గర కుదించుకుపోయిందని 8 వేలకు దించితే చాలదు. ఇంకా బాగా తగ్గించాలి. తగ్గించి ఆగాలి. తొందరపడితే, ఇది ఇంక రాదు కాబోలు అనుకుంటాం. వస్తుంది" అన్నాడు.

ఆ పిల్ల గీతలున్న ఆ కాగితం అడిగి పుచ్చుకుని, నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది. జీపు వేళయిందని పరుగెత్తింది.

ఆ కుర్రవాడు మళ్లీ చదువుకు వస్తాడో రాడో నేను అడగలేదు. ఎప్పుడొస్తావని అడగడం కూడా ఒత్తిడే. పుస్తకం ముట్టనన్నవాడు చెల్లెలి నోట్సు చదివాడు. చదివి ఒక ప్రశ్న పంపాడు. ప్రస్తుతానికి నాకది చాలు. రెండో ప్రశ్న వస్తే జవాబు చెప్పడానికి ఫిజిక్సు గదిలో మరో కుర్చీ వేయించి వుంచాం.